నా కోటులో ఉన్న మనిషి

ఆ ఎన్నికల కాలమంతా నేను ఒకే మొహాన్ని చూస్తూ బతికాను. మా ప్రెస్సులో అచ్చవుతున్నది ఒక పెద్దమనిషి నవ్వు. కాగితం వెనక కాగితం, అదే నవ్వు, అవే పళ్ళు, అదే పైకెత్తిన చెయ్యి. రంగులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చుంటే ఆయన ఒక్కడు. వెంట్రుకవాసి జరిగితే ఆయన పక్కనే ఇంకో ఆయన, కాస్త ఎర్రగా, తొంగిచూస్తూ నిలబడతాడు. అలాంటి కాగితాల్ని ఏరి పక్కన పడెయ్యడం నా పని. ఒక్క మనిషినే భరించలేక చస్తుంటే ఇద్దరెందుకని మావాళ్ళు జోకులేసుకునేవాళ్ళు.

మా ఫోర్‌మన్‌కి మేం పెట్టుకున్న పేరు 'ఇప్పుడేగారు'. ఏ పని ఎప్పటికి కావాలని అడిగినా 'ఇప్పుడే' అనడం ఆయన అలవాటు. ఎన్నికలొస్తే ఆయనకి పూనకమే. పొద్దున వెళ్ళినవాళ్ళం చీకటిపడితే గానీ ఇల్లు చేరేవాళ్ళం కాదు. అందరూ ఆయన్ని తిట్టుకుంటూ పనిచేసేవాళ్ళు. నేనూ తిట్టేదాన్ని గానీ నా తిట్లలో పస ఉండేది కాదు. ఎందుకంటే ఆ ఎండాకాలం నాకు ఇంట్లో కంటే ప్రెస్సులోనే హాయిగా ఉండేది. ఇంట్లో అమ్మ పోతోంది.

అమ్మ దర్జీ. కుట్టుమిషన్ తొక్కి మమ్మల్నిద్దర్నీ పెంచింది. ముందు చూపు పోయింది, తర్వాత గుండె నీరసించింది, కాళ్ళు వాచాయి. మందులతో అయ్యేది ఇంకేం లేదు, ఏదో ఒకటి కాస్తకాస్త పట్టిస్తూ పక్కన ఒక మనిషి ఉండాలి, అన్నాడు డాక్టరు. ఆ పక్కన ఉండాల్సిన మనిషిని నేను.

కళ్ళు పోయాక అమ్మకి వేళ్ళే కళ్ళయ్యాయి. ఎవరు దగ్గరికొచ్చినా ముందు బట్ట పట్టుకుని చూసేది. అది తను కుట్టిందైతే ఎవరిదో చెప్పేసేది. నాది పుర్రచేతి వాటం. అందుకని నేను ప్రెస్సుకి వేసుకెళ్ళే నీలం కోట్లు రెండిటికీ ఎడమవైపున పెద్ద జేబు కుట్టింది. ఆ జేబులో నాలుగు వేళ్ళూ దూర్చి, "చిన్నదానివే" అని తేల్చుకున్నాకే నాతో మాట మొదలుపెట్టేది. జేబు ఉంటే నేను, లేకపోతే పరాయిమనిషి. అంతే లెక్క.

పెద్దది మా అక్క. అమ్మకి నచ్చని బస్సు డ్రైవర్ని చేసుకుని ఊరి అవతలి కొసన కాపురం పెట్టింది. నా గడప తొక్కొద్దని అమ్మ అంది, నువ్వు పిలిచేదాకా తొక్కనని అక్క అంది. మొండితనంలో ఇద్దరూ ఒకే అచ్చు. అక్క ఒక రొట్టెల బట్టీలో పనిచేస్తుంది. తెల్లవారకముందే వెళ్ళి, మధ్యాహ్నానికల్లా బయటపడుతుంది. అమ్మ మంచం పట్టిందని నేను ఫోన్ చేసి చెబితే, "నన్ను పిలవమని చెప్పవే, వస్తాను" అంది.

ఆ మాట నేను అమ్మకి చేరవెయ్యలేదు. చెబితే గొడవ అవుతుంది, గొడవైతే పని మానుకుని నేను ఇద్దరి మధ్యా కూర్చోవాలి. రేపు చెబుదాంలే అనుకున్నాను. రేపు అనేది భలే సౌకర్యమైన రోజు.

మధ్యాహ్నం పూట అమ్మకి జావ పట్టించే పని కింది వాటా ఆవిడకి ఒప్పజెప్పాను. ఆవిణ్ణి అందరూ రేడియో అత్త అంటారు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. వీధి మొదట్లో ఎవరైనా తుమ్మితే వీధి చివర చిరంజీవ అనిపించగలదు. తాళంచెవి ఇస్తే పుచ్చుకుని, "నువ్వు వెళ్ళిరా, మేం చూసుకుంటాంలే" అంది. ఈ 'మేం' ఎవరని అడగాల్సింది. నాకు బస్సుకి టైమైపోతోంది.

* * *

ఒక సాయంత్రం ఇంటికొచ్చి మంచం మీద కూర్చోగానే, అమ్మ అలవాటుగా జేబులో వేళ్ళు పెట్టి, ఈమధ్య మధ్యాహ్నాలు నువ్వొచ్చి వెళ్తుంటే నాకు ప్రాణం లేచొస్తోందే, అంది. పని మధ్యలో అంత దూరం ఎండలో పడి రావద్దని కూడా అంది. ఆ మాట పైపైన అన్నదే, నేను రావాలనే ఆమె కోరిక.

నేను రాలేదమ్మా, అత్త వచ్చుంటుంది, అన్నాను.

అమ్మ నవ్వింది. జేబు ఉన్న అత్తా, అంది. నీ చేతులు ఈమధ్య రొట్టెల వాసనేస్తున్నాయి, వేళకి అన్నం తినకుండా క్యాంటీన్లో రొట్టెముక్కతో సరిపెడుతున్నావు కదూ, అని కోప్పడింది.

అప్పుడే మరోసారి కాదని చెప్పాల్సింది. కానీ అమ్మ మొహంలో చాలా రోజుల తర్వాత ఒక వెలుగు కనిపించింది. నా బుజ్జి తల్లే అంటూ జేబులోంచి చెయ్యి తీసి నా బుగ్గ నిమిరింది. నేను ఊరుకున్నాను. చెయ్యని సేవకి మెప్పు పుచ్చుకున్నాను. సొమ్మొకడిది సోకొకడిది అంటారు కదా, ఆ సోకు నాదయింది.

కిందికెళ్ళి రేడియో అత్తని నిలదీశాను. మధ్యాహ్నం పైకెవరొస్తున్నారు అంటే, ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, నువ్వే, అంది. నీలం కోటు, జుట్టు మీద ప్రెస్సు టోపీ, ఎడమచేత్తో గొళ్ళెం తియ్యడం, అచ్చం నువ్వే, నా కళ్ళారా చూశాను కదా, అంది. ఆ టైముకి నేను మిషన్ దగ్గరున్నానని ప్రెస్సంతా సాక్ష్యం చెబుతుందన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, అయితే ఇది అదే, అని కుర్చీ దగ్గరికి లాక్కుంది.

ఆవిడ చెప్పిన కథ ఇది. ఆవిడ అమ్మమ్మల కాలంలో ఎవరో పనిమనిషి ఉండేదట. ఇంటి దగ్గర పసిబిడ్డకి జ్వరం. యజమానురాలు వదలదు, ఆమె అడగదు. గిన్నెలు తోముతూ తోముతూ ఆమె ప్రాణం ఇంటివైపు ఎంత లాగిందంటే, ఒకరోజు మనిషి రెండయిందట. ఒళ్ళు ఇక్కడ గిన్నెలు తోముతూనే ఉంది, అచ్చం ఆమెలాంటిదే ఇంకొకతె ఇంటికెళ్ళి బిడ్డకి పాలిచ్చి, తడిగుడ్డ వేసి, జోకొట్టి వచ్చేది. వీధివాళ్ళంతా చూశారట. బిడ్డ బతికింది.

"మంచిదే కదత్తా" అన్నాను.

"మిగతాది కూడా విను. పని ఒడ్డెక్కాక అసలుది ఇంటికొచ్చి బిడ్డని ఎత్తుకుంది. ఆ బిడ్డ కెవ్వుమని ఏడ్చింది. ఎవరో కొత్తమనిషి ఎత్తుకుందనుకుంది. వాకిట్లో రెండోది నిలబడితే దాని వైపు చేతులు చాచింది. తన రూపం తనకి ఎదురుపడితే ఇద్దరిలో ఒకరే మిగులుతారే అమ్మాయ్. ఒక్క మధ్యాహ్నం ఇంటికొచ్చి చూసుకో, ఎందుకైనా మంచిది."

ఆవిడ నన్ను భయపెట్టడానికే ఆ కథ చెప్పిందని ఇప్పుడు తెలుసు. నోరు విప్పనని ఎవరికో మాటిచ్చి, మాట తప్పకుండా నన్ను ఇంటికి తరమడానికి ఆవిడకి తోచిన దారి అదొక్కటే. నేను మాత్రం కథలో నాకు కావలసిన సగమే తీసుకున్నాను. వెళ్ళలేని మనిషి బదులు ఇంకొకతె వెళ్తుంది, బిడ్డ బతుకుతుంది. ఆ సగం నాకు బాగా నచ్చింది.

* * *

నమ్మావా అంటే నమ్మానని చెప్పలేను. నమ్మకపోతే నాకే ఇబ్బంది కాబట్టి నమ్మకుండా ఉండలేకపోయాను. సాక్ష్యాలూ అలాగే దొరికాయి. ఇంట్లో తలుపు వెనక మేకుకి ఉన్న నా రెండో కోటు నేను ముట్టుకోకుండానే ఉతికి, ఇస్త్రీ అయి ఉండేది. ఒకసారి భుజం దగ్గర కుట్టు సాగి కనిపించింది. ఇంకోసారి కాలర్ మీద చెమట మరక, నేను ఆ వారమంతా ఆ కోటు వేసుకోనేలేదు.

ప్రెస్సులోనూ ఒకటి జరిగింది. నిద్ర చాలని రోజులవి. కాగితాల కట్ట విసనకర్రలా విప్పి చూస్తూ ఉన్నాను. ఉన్నట్టుండి మిషన్ మోత దూరమైపోయింది. నేను పైకప్పు దగ్గర, ఫ్యాను పక్కన ఉన్నాను. కింద నీలం కోటులో ఒకతె వంగి నిలబడి కాగితాలు తిప్పుతోంది. దాని టోపీ మీద సిరా మరక కూడా కనిపించింది. దాన్ని చూస్తే నాకు ఆశ్చర్యమూ వెయ్యలేదు, భయమూ వెయ్యలేదు. పాపం ఎంత కష్టపడుతోందో, ఇంక దాన్ని ఎవరూ ఏమీ అడగకూడదు, అనిపించింది. ఇప్పుడేగారు నా భుజం తట్టేసరికి మళ్ళీ నేలమీద ఉన్నాను.

ఆయన ఎప్పుడూ లేనిది మెత్తగా మాట్లాడాడు. మీ అమ్మగారికి బాగోలేదట కదా, మధ్యాహ్నం పూట ఒక గంట ఇంటికెళ్ళి రా, ఇక్కడ నేను చూసుకుంటాను, అన్నాడు. జన్మలో ఒక్కసారి ఆ మనిషి నోట్లోంచి 'ఇప్పుడే' కాని మాట వచ్చింది.

"పర్లేదండీ. ఇంటి దగ్గర మనిషి ఉంది" అన్నాను.

ఆ మాట అన్నది నేనే. ఇంకెవరూ అనలేదు, పైకప్పు దగ్గరున్నది కూడా కాదు. అమ్మ పక్కన కూర్చుంటే ఆ వాసన, ఆ ఆయాసం, ఆ ఎదురుచూపు చూడాలి. ఇక్కడైతే టీ గ్లాసు చేతికొస్తుంది, జోకులుంటాయి, నేను లేకపోతే పని ఆగిపోతుందనే గొప్ప ఉంటుంది. ఎవరో ఒకరు, నాలో సగమో, అత్తో, దేవుడో, అక్కడ ఉన్నారు కదా అని సరిపెట్టుకున్నాను.

ఇంతకంటే పాడు పని ఇంకోటి కూడా చేశాను. రోజూ సాయంత్రం అమ్మ ఒకే ప్రశ్న అడిగేది. పెద్దది ఒక్కసారైనా వచ్చిందా, కనీసం ఫోనన్నా చేసిందా అని. ఫోన్ మాట దాచినదాన్ని ఇప్పుడెలా బయటపెట్టను? దాచినదాన్ని కప్పిపెట్టడానికి ఇంకాస్త మన్ను పోశాను. రాలేదమ్మా, దానికి మనమెందుకు గుర్తుంటాం, దాని మొగుడు, దాని సంసారం దానిది, అన్నాను. ఒకసారి, అది రాకపోతేనే నయం, వస్తే నీ కుట్టుమిషన్ అడుగుతుంది, అని కూడా అన్నాను. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. నేను తిన్న కంచం కడుక్కున్నాను.

* * *

ఎన్నికలు ఇంక దగ్గరపడ్డాయనగా ఒక మధ్యాహ్నం పెద్ద మిషన్ మొరాయించింది. బాగుచేసేవాడొచ్చేదాకా పని లేదు. క్యాంటీన్లో కూర్చుందామనే అనుకున్నాను. కాళ్ళు మాత్రం బస్సెక్కాయి.

మా వీధి ఎండకి కళ్ళు మూసుకుని ఉంది. దుకాణాల తలుపులు సగం దించి ఉన్నాయి. గోడల నిండా నేను అచ్చేసిన నవ్వే. కింద రేడియో అత్త గుమ్మంలో బట్టలు మడతపెడుతోంది. నన్ను చూడగానే ఆవిడ నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. ఆవిడ నోరు మూసుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. చేత్తో పైకి చూపించింది.

మెట్లెక్కాను. మా తలుపు ఓరగా వేసి ఉంది. సందులోంచి చూశాను.

అమ్మ మంచం మీద నేను కూర్చుని ఉన్నాను.

వీపు ఇటువైపు. నీలం కోటు, టోపీ, కాస్త వంగిన నడుం. ఎడమచేత్తో చెంచా పట్టుకుని, ఊది, చల్లార్చి, అమ్మ పెదాలకి ఆనిస్తోంది. అమ్మ వేళ్ళు ఆ కోటు జేబులో ఉన్నాయి. గుక్కగుక్కకీ మధ్య ఆ మనిషి ఏదో చెబుతోంది, అమ్మ నవ్వుతోంది. ఆ గొంతు నాదే. నేను వేసుకున్న కోటు పట్టుకుని చూసుకున్నాను, ఉంది. అయితే అది ఎవరు, ఇది ఎవరు? లోపలున్నదే నేను అయ్యుంటే, ఈ మెట్ల మీద నిలబడ్డది ఎవరి బతుకు బతుకుతోంది? అంత శ్రద్ధగా, అంత నెమ్మదిగా చెంచా పట్టుకోవడం నాకెప్పుడూ చేతకాలేదు.

మెట్టు కిర్రుమంది. అమ్మ తలెత్తి, ఎవరది, అంది.

లోపలి మనిషి వెనక్కి తిరిగింది. అక్క.

మొహమంతా ఎండకి, పొయ్యి వేడికి కమిలిపోయి ఉంది. నన్ను చూసి ఉలిక్కిపడలేదు. పెదాల మీద వేలు పెట్టుకుంది. మళ్ళీ అమ్మవైపు తిరిగి, నా గొంతుతో, "రేడియో అత్త అమ్మా" అంది. నేను కిక్కురుమనకుండా మెట్లు దిగాను, తేలు కుట్టిన దొంగలా.

* * *

అక్క కిందికొచ్చేసరికి కోటు విప్పేసి ఉంది. ఎండకి తలమీద కప్పుకునే బూడిదరంగు శాలువా భుజాన వేసుకుని, టోపీ కింద దాచిన జడ విదిల్చుకుంటూ మెట్టు మీద నా పక్కన కూర్చుంది. ఆమెకి రొట్టెల వాసన, నాకు సిరా వాసన. ఆమే చెప్పింది.

పిలిచేదాకా రాననుకుంది, ఉండలేకపోయింది. నోరు విప్పనని అత్త దగ్గర ముందే మాట తీసుకుని, ఒకరోజు బట్టీ నుంచి తిన్నగా వచ్చి, ఆవిడ దగ్గర తాళంచెవి తీసుకుని తలుపు తీసింది. తలుపుకి అడ్డంపడుతోందని దాని వెనక మేకుకున్న నా కోటు తీసి చేత్తో పట్టుకుంది. మంచం దగ్గరికి వెళ్తే, అడుగుల చప్పుడుకి అమ్మ చెయ్యి చాచింది, చేతికి జేబు తగిలింది. "వచ్చావా చిన్నదానా" అంది.

"ఆ గొంతులో సంతోషం నువ్వు వినలేదు కదే. కాదమ్మా, నేను పెద్దదాన్ని, అని ఎలా చెప్పను? అవునన్నాను. ఒకసారి అవునన్నాక కాదనడం నా వల్ల కాలేదు."

ఆ తర్వాత అంతా నేర్చుకుంది. ఎడమచేత్తో చెంచా పట్టుకోవడం, నాలాగా మాట చివర సాగదియ్యడం, అమ్మ తల నిమిరితే జడ తగలకుండా టోపీ పెట్టుకోవడం. అక్క భుజాలు నాకంటే వెడల్పు. కుట్టు సాగింది అందుకే.

అమ్మ నీ గురించి అడుగుతుందా అన్నాను. అడక్కుండా ఉండాల్సింది.

అక్క తన చేతులు చూసుకుంటూ, అడుగుతుంది, అంది. పెద్దది రాలేదేమే, అంటుంది. నిన్న సాయంత్రం నువ్వే అన్నావు కదా, వస్తే మిషన్ అడుగుతుందని, అంటుంది. నేను అవునమ్మా అంటాను. నిజమేనమ్మా, అది అలాంటిదే, అంటాను. నీ గొంతుతో నన్ను నేనే తిట్టుకుంటాను, లేకపోతే అమ్మకి అనుమానమొస్తుంది కదా, అంది. ఇది చెబుతూ నవ్వడానికి కూడా ప్రయత్నించింది.

ఆ మెట్టు కింద భూమి చీలి ఉంటే నేను దూకేదాన్ని. ఫోన్ మాట దాచిన సంగతి, మిగతావన్నీ ఏడుస్తూ చెప్పాను. ఇప్పుడే పైకెళ్ళి అమ్మకి చెప్పేస్తానని లేచాను. అక్క చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. కన్నకూతుర్ని గుర్తుపట్టలేకపోయానని తెలిస్తే అమ్మలో ఇంకేం మిగలదు, కళ్ళు పోయినందుకే ఎంత సిగ్గుపడుతోందో చూడటం లేదా, అంది. కావాలంటే అక్కని పిలుద్దామని నెమ్మదిగా చెప్పి చూడమంది. పిలిస్తే అప్పుడు తనలాగే వస్తానంది.

"ఈలోగా ఈ మధ్యాహ్నాలు నాకు వదిలెయ్యవే. అమ్మ ఇంత ముద్దుగా నాతో ఎప్పుడూ మాట్లాడలేదు."

ఆ సాయంత్రమే అమ్మకి చెప్పబోయాను. అక్క మంచిదేనమ్మా, నేనే ఏదో నోటికొచ్చినట్టు అన్నాను, పిలుస్తాను, అన్నాను. పిలిస్తే వస్తానని ఫోన్లో అందని కూడా చెప్పాను. అమ్మ నా జేబు తడిమి, "నీ మనసు మంచిది కాబట్టి దాన్ని వెనకేసుకొస్తున్నావు. పిలిస్తే వచ్చే కూతురు నాకెందుకు?" అంది. మాటలు చల్లడం నాకు చేతనయింది గానీ ఏరడం చేతకాలేదు. రోజూ ప్రయత్నించాను, రోజూ అదే జవాబు. నేను అక్కని మెచ్చుకున్నకొద్దీ అమ్మ నన్నే మెచ్చుకుంది.

ఇప్పుడేగార్ని అడిగి ప్రతి మధ్యాహ్నం ఇంటికి రావడం మొదలుపెట్టాను. కానీ ఆ గదిలో ఇద్దరు నేనులు పట్టరు కదా. మెట్ల మీద కూర్చుని, తలుపు సందులోంచి నా గొంతూ అమ్మ నవ్వూ వింటూ ఉండేదాన్ని.

* * *

ఓటింగు రోజు ప్రెస్సుకి సెలవు. వీధిలో జనం వరసల్లో నిలబడి ఉన్నారు. పొద్దున్నే డాక్టరు వచ్చి చూసి, దగ్గరివాళ్ళెవరైనా ఉంటే పిలిపించండి, అనేసి వెళ్ళాడు. అక్క బట్టీ మానేసి వచ్చింది. వస్తూనే శాలువా మేకుకి తగిలించి, కోటు తొడుక్కుని, మంచం మీద నా చోట్లో కూర్చుంది. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

అమ్మ ఊపిరి గొంతులోనే తిరుగుతోంది. వేళ్ళు జేబులో దూర్చి, బట్టతో సహా పిడికిలి బిగించింది. కాసేపటికి పెదాలు కదిలాయి.

"చిన్నదానా. పెద్దదాన్ని పిలువు."

అక్క మొహం తెల్లబోయింది. ఇన్నాళ్ళూ ఆ మాట కోసమే బతికింది. ఇప్పుడు లేచి, కోటు విప్పి, తనలాగా వచ్చి కూర్చుంటే చాలు. లేవబోయింది. అమ్మ పిడికిలి వదల్లేదు. నువ్వెక్కడికే, నువ్వు కదలకు, అంది. ఆ వేళ్ళని ఒక్కొక్కటిగా ఊడదీసే ధైర్యం అక్కకి లేదు, అంత టైమూ లేదు. తలెత్తి నావైపు చూసింది.

మేకుకున్న శాలువా తీసి కప్పుకున్నాను. మంచానికి రెండోవైపు వెళ్ళి నేలమీద కూర్చున్నాను. ఎదురుగా నా కోటు, నా టోపీ, కన్నీళ్ళతో నిండిన మొహం. అచ్చం నేను ఉండాల్సినట్టుగా ఉన్న నేను.

అమ్మ రెండో చెయ్యి నా భుజం మీద పడింది. శాలువా తడిమింది. అది తను కుట్టింది కాదు, రొట్టెల వాసన వేస్తోంది.

"ఇప్పుడా రావడం?" అంది.

"ఇప్పుడేనమ్మా" అన్నాను, అక్కలా గొంతు బరువు చేసి. బరువు చెయ్యాల్సిన పని కూడా లేకపోయింది.

"ఇన్నాళ్ళూ ఏం చేశావు?"

"పని ఉందమ్మా."

"దీనికి మాత్రం లేదా పని? మండుటెండలో పరిగెత్తుకొచ్చేది. ఊది ఊది పట్టించేది. నేను పక్క తడిపితే కూడా విసుక్కోలేదు." ఊపిరి కోసం ఆగింది. "నీకు నేను బరువయ్యాను. కాదని చెప్పు చూద్దాం."

కాదని చెప్పడం అక్క పేరు మీద ఎంత తేలికో. అక్కకి ఆమె ఎన్నడూ బరువు కాలేదు. కానీ అమ్మ చెయ్యి ఉన్నది నా భుజం మీద. ఆ ఒక్కసారైనా అబద్ధం ఆడాలనిపించలేదు.

"అయ్యావమ్మా" అన్నాను.

అక్క ఉలిక్కిపడి నన్ను చూసింది. అమ్మ మాత్రం తల నెమ్మదిగా ఊపింది, వినాల్సింది విన్నట్టు. నిజం చెప్పావు, అంది. నా నెత్తిమీద చెయ్యి పెట్టింది. పో, నీ మీద నాకు కోపం లేదు, అంది. తర్వాత జేబు పట్టుకున్న చేతివైపు మొహం తిప్పి, ఇది నా బంగారుతల్లి, దీన్ని ఒంటరిగా వదిలెయ్యకు, అంది. అక్క నోటికి కోటు చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, చప్పుడు రాకుండా.

వీధిలో ఓటింగు ముగిసేవేళకి అమ్మ పోయింది. పిడికిలి అప్పుడు వదిలింది.

* * *

సాయంత్రం గదినిండా జనం. మేడమీదివాళ్ళు, ప్రెస్సువాళ్ళు, అమ్మ దగ్గర బట్టలు కుట్టించుకున్నవాళ్ళు. అక్క తన శాలువాలోకి, నేను నా కోటులోకి వచ్చేశాం. వచ్చినవాళ్ళు నా చేతులు పట్టుకున్నారు. రోజూ మధ్యాహ్నం ఎండలో నువ్వొచ్చి వెళ్ళడం మా కిటికీలోంచి చూశామమ్మా, ఈ కాలంలో ఇంత సేవ ఎవరు చేస్తారు, అన్నారు. మీ అమ్మ అదృష్టవంతురాలు, అన్నారు. కొందరు అక్కవైపు ఓరగా చూసి, కొందరు ఆఖరి నిమిషంలో ఊడిపడతారు, అని గొణుక్కున్నారు. అక్క తల వంచుకుని మూల కూర్చుంది.

రేడియో అత్త ఉండలేక, అసలు సంగతేమిటంటే, అని అందుకుంది. ఎవరూ పట్టించుకోలేదు. ఆవిడ చెప్పేవి సగం కట్టుకథలని వీధి మొత్తానికీ తెలుసు.

నేను లేచి నిలబడ్డాను.

"నేను కాదు. అమ్మని చూసుకుంది అక్క. రోజూ వచ్చి, నా కోటు వేసుకుని అమ్మ పక్కన కూర్చుంది మా అక్క. నేను రాలేదు."

ఇప్పుడేగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఒక పెద్దావిడ నన్ను గుండెకి హత్తుకుంది. చూశారా ఎంత మంచి పిల్లో, నలుగురిలో అక్క పరువు పోకుండా తను చేసిందంతా అక్క ఖాతాలో వేస్తోంది, అంది. అందరూ అవునవునన్నారు. నేను కాదు కాదని ఏడుస్తున్నకొద్దీ నా వీపు నిమిరేవాళ్ళు ఎక్కువయ్యారు.

జనం పల్చబడ్డాక అక్క నా పక్కకొచ్చి కూర్చుంది. నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది.

"ఊరుకోవే. ఎవరూ నమ్మరు" అంది మెల్లగా. "నీకంటే నీ వేషం నేనే బాగా వేశాను."

ఆ మాటలో దెప్పు లేదు. ఉంటే ఎంత బాగుండేదో.